నాటక సమాజంలో తిప్పలు: ఎక్కడ తేడా కొడుతోంది, ఏం చేయాలి

మన దగ్గర నాటక సమాజానికి ఏ ఇబ్బంది వచ్చినా చెప్పే కారణం ఒకటే: "ఎవరికీ సీరియస్‌నెస్ లేదు సార్." ఆ మాట అనేశాక చేయడానికి ఇంకేమీ మిగలదు. పైగా అది చాలాసార్లు నిజం కూడా కాదు. పగలంతా బడిలో పాఠాలు చెప్పి, పైసా రాని పనికి సాయంత్రం ఆరింటికి స్క్రిప్ట్ పట్టుకుని వచ్చే మనిషికి శ్రద్ధ లేదంటే ఎట్లా? తేడా ఎక్కువగా మన ఏర్పాట్లలోనే ఉంటుంది. నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి లాంటి ఊళ్లలో సమాజం నడిపేవాళ్లకు తరచూ ఎదురయ్యేవి ఇక్కడ రాస్తున్నాను. అన్నీ చదవక్కర్లేదు, మీ ఇబ్బంది ఏదో చూసుకుని అక్కడికి వెళ్లండి.

రిహార్సల్‌కు సగం మందే వస్తున్నారు

ముందు క్యాలెండర్ చూడండి. మన నటుల్లో టీచర్లు, చిన్న ఉద్యోగులు ఎంతమందో పొలం ఉన్నవాళ్లూ అంతమంది. చాలాసార్లు ఇద్దరూ ఒకరే. అక్టోబర్ నుంచి పత్తి ఏరుడు, నవంబర్‌లో వరి కోతలు. ఐకేపీ సెంటర్‌లో, అంటే ఊరి వడ్ల కొనుగోలు కేంద్రంలో, వడ్లు పోసినాయన తేమ 17 శాతానికి దిగేదాకా కుప్ప విడిచి రాడు. మబ్బు పట్టిందంటే టార్పాలిన్ కప్పి రాత్రి అక్కడే పడుకుంటాడు. అలాంటి మనిషికి ఫోన్ చేసి "రెండో సీను ఆగిపోయింది అన్నా" అంటే ఏం చెప్తాడు? యాసంగి కోతలు మళ్లీ ఏప్రిల్‌లో. మార్చి వస్తే టీచర్లంతా పరీక్షల డ్యూటీల్లో ఉంటారు. ఇవన్నీ తీసేస్తే దొరికే ఖాళీలు రెండే: యాసంగి నాట్లు ముగిసినప్పటి నుంచి ఫిబ్రవరి చివరి దాకా ఒకటి, వానాకాలం నాట్లు పడ్డాక ఆగస్టు చివరి నుంచి బతుకమ్మ దాకా ఇంకోటి. ప్రదర్శన తేదీని ఈ రెండింట్లో ఒకదానికి జరపండి. రిహార్సల్ హాజరు చాలావరకు దానంతటదే సర్దుకుంటుంది.

తేదీ సరిగానే ఉన్నా రావట్లేదంటే, పని లేనివాళ్లను కూడా పిలుస్తున్నారేమో చూసుకోండి. మూడో సీనులో రెండు నిమిషాలు కనిపించే పోస్ట్‌మ్యాన్‌ను రోజూ ఆరింటికి రమ్మని, ఎనిమిదిన్నర దాకా బెంచీ మీద కూర్చోబెడితే, ఐదో రోజు నుంచి అతని ఇంటికి చుట్టాలు రావడం మొదలవుతుంది. ఒక పెద్ద కాగితం మీద నిలువున పాత్రల పేర్లు, అడ్డంగా సీన్లు రాయండి. ఏ సీనులో ఎవరున్నారో టిక్కు పెట్టండి. ఏ రోజు ఏ సీనో, ఎవరు రావాలో, ఎన్నింటికి వదిలేస్తారో ఆదివారమే వాట్సాప్ గ్రూపులో పెట్టేయండి. అందరూ కలిసి చేయాల్సింది చివరి పది రోజులే.

ఆఖరి బస్సు సంగతి మర్చిపోవద్దు. దేవరకొండ వైపు పోవాల్సిన నటుడి సీను చివర్న పెట్టుకుని, అతను ఏడున్నర నుంచి గడియారం చూస్తున్నాడని కోప్పడితే లాభం లేదు. అతని సీను ముందు చేయించి పంపండి. రాని ఒక్కడి కోసం వచ్చిన ఐదుగురిని ఆపొద్దు. ఆపితే ఆ ఐదుగురూ రేపటి నుంచి ఆలస్యంగా వస్తారు.

డైలాగు నోటికి రావట్లేదు, ప్రాంప్టింగ్ మాత్రం చివరి వరుసకు వినబడుతోంది

అందరూ ఒకే చోట తడబడుతుంటే లోపం స్క్రిప్ట్‌లో ఉంది. పరిషత్తు పోటీల్లో తిరిగే నాటికలు చాలావరకు కృష్ణా, గుంటూరు వైపు మాటలో రాసినవి. పుట్టినప్పటి నుంచి "ఎటు పోతున్నవ్ రా" అన్న నోటికి "ఎక్కడికెళ్తున్నావురా అబ్బాయ్" అనే వాక్యం కంఠస్థం అవుతుంది కానీ ఆవేశం వచ్చేసరికి జారిపోతుంది. మొదటి రెండు కూర్చోబెట్టి చదివే రిహార్సళ్లలోనే, నటుడు తన ఇంట్లో అయితే ఎట్లా అంటాడో అట్లా అనిపించి, ప్రాంప్టర్‌తో, అంటే తెర పక్క నుంచి మాట అందించేవాడితో, రాయించండి. కథ జరిగేది తెనాలిలో అయితే ఈ పని చేయొద్దు. పద్య నాటకమైతే పద్యం జోలికి పోవద్దు. రచయిత బతికుంటే ముందే ఫోన్ చేసి అడగండి.

ఒక్కరే మర్చిపోతుంటే చదివే పద్ధతి చూడాలి. తన మాటలు గడగడా అప్పజెప్పే మనిషికి, ఎదుటివాళ్ల ఏ మాట తర్వాత తనది మొదలవుతుందో తెలియకపోవచ్చు. ఫోన్‌లో ఎదుటి పాత్రల డైలాగులు మాత్రమే రికార్డు చేసి, తన చోట ఖాళీ వదిలి ఇవ్వండి. పొలం గట్టు మీద వింటూ జవాబు చెప్పుకుంటే వారంలో దారికొస్తుంది. కదలిక కూడా మాటతో కలిపి నేర్పాలి. ఏ మాట దగ్గర చెంబు కింద పెట్టాలో తెలిసినవాడికి చెంబు చూడగానే మాట గుర్తొస్తుంది. ప్రదర్శనకు మూడు వారాల ముందు చేతుల్లోంచి కాగితాలు తీసేయండి.

ప్రాంప్టర్‌ను ప్రదర్శన రోజు పట్టుకొచ్చే అలవాటు మానాలి. కూతురు రాసిన ఉత్తరం చదివి తండ్రి ఏడుపు దిగమింగుకుంటూ నిలబడతాడు. హాలంతా బిగబట్టుకుని చూస్తుంటుంది. కొత్త ప్రాంప్టర్ ఆ మౌనాన్ని మతిమరుపు అనుకుని వింగ్‌లోంచి "అమ్మా సరోజా... అమ్మా సరోజా" అని అందిస్తాడు. ఇక సీను అక్కడితో సరి. మొదటి రోజు నుంచీ కూర్చునేవాడే ప్రాంప్టర్. ఎక్కడ ఆగడం నటనలో భాగమో తన కాపీలో పెన్సిల్‌తో గీత కొట్టుకోవాలి. అందించాల్సి వస్తే మొత్తం వాక్యం అక్కర్లేదు, మొదటి మాట చాలు.

మైకు కూస్తోంది, అయినా వెనకవాళ్లకు వినబడట్లేదు

నా లెక్కన మన ఊళ్లలో మంచి నాటికలు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. సౌండ్ వాళ్లది పెళ్లిళ్లు, మీటింగుల అలవాటు. బాక్సులు స్టేజీ మీదే, మైకులకు వెనకగా నిలబెడతారు. బాక్సులోంచి వచ్చిన శబ్దం మళ్లీ మైకులోకి పోయి, పెద్దదై మళ్లీ బాక్సులోంచి వస్తుంది. కూత అదే. బాక్సులను మైకుల వరుసకు కనీసం రెండు మూడు మీటర్లు ముందుకు తెచ్చి, జనం వైపు తిప్పించండి. స్టేజీ మీద నటుల వైపు తిప్పిన బాక్సు ఉంటే ఆపించండి. హార్మోనియం ఉన్న పద్య నాటకానికి తప్ప దాంతో పని లేదు.

తర్వాత మైకులు లెక్కపెట్టండి. ఎక్కువ మైకులుంటే ఎక్కువ వినబడుతుందని అందరూ అనుకుంటారు. జరిగేది తలకిందులు: తెరిచి ఉన్న మైకులు రెట్టింపైన ప్రతిసారీ, కూత రాకుండా పెంచుకోగల శబ్దం సుమారు 3 డెసిబెల్స్ తగ్గుతుంది. మామూలు స్టేజీకి ముందు అంచున మూడు ఫుట్ మైకులు సరిపోతాయి. నటుడి నోటికీ మైకుకూ ఎంత దూరమో, మైకుకూ మైకుకూ మధ్య దానికి మూడు రెట్లు ఉంటే మంచిది. నాటకంలో అంత ఖచ్చితంగా కుదరదు, కుదిరినంత దూరంగా పెట్టండి. ఆ పక్కన ఎవరూ లేనప్పుడు ఆ మైకు తగ్గించాలి. మిక్సర్ దగ్గర కూర్చున్న కుర్రాడికి ఎవరు ఎప్పుడు ఎటు వస్తారో తెలియదు కదా, అందుకే స్క్రిప్ట్ పట్టుకుని మన మనిషి ఒకరు అతని పక్కనే కూర్చోవాలి. చెక్క స్టేజీ మీద అడుగుల చప్పుడు ధనధనా వస్తుంటే ప్రతి మైకు స్టాండ్ కింద పాత పరుపు స్పాంజి ముక్క పెట్టండి.

ఫంక్షన్ హాల్లో ఇంకో బెడద, గ్రానైట్ నేల, అద్దాల గోడలు. మాట గోడకు తగిలి వెనక్కి వస్తుంది. టెంట్‌హౌస్ నుంచి మందపాటి పరదాలు తెప్పించి వెనక గోడకు కట్టిస్తే చాలా తగ్గుతుంది. సౌండ్ పెంచితే మాత్రం గోల ఇంకా పెరుగుతుంది.

ఇవన్నీ చేసినా అర్థం కావట్లేదంటే నటుల వాక్యాల చివర్లు వినండి. తెలుగులో అసలు విషయం వాక్యం చివర్నే ఉంటుంది. ఇచ్చాడో, ఇవ్వలేదో, ఇస్తానన్నాడో అక్కడే తేలుతుంది. మనవాళ్లు మొదట్లో గట్టిగా ఎత్తుకుని చివరికి ఊపిరి వదిలేస్తారు. "నాయిన భూమి అమ్మనీకి ఒప్పు..." అని మింగేస్తే ఒప్పుకున్నాడో లేదో మూడో వరుసకే తెలియదు. ఒక రిహార్సల్ మొత్తం మైకు లేకుండా, డైరెక్టర్ హాలు చివర్న నిలబడి వాక్యాల చివర్లు మాత్రమే వింటూ చేయించండి.

లైట్లు వేయగానే ఫ్యూజ్ పోతోంది, బాక్సులో జుమ్మని మోత

వెయ్యి వాట్ల హాలోజన్ ఒకటి సుమారు నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది. 16 ఆంపియర్ల ప్లగ్గుకు మూడు మించి తగిలించొద్దు. ఎల్‌ఈడీ పార్ లైట్లయితే ఈ బాధ దాదాపు ఉండదు. మోత వస్తుంటే లైట్ల వెలుతురు పెంచి తగ్గించే డిమ్మర్లూ సౌండూ ఒకే లైన్ మీద ఉన్నాయేమో చూడండి. లైట్లకు వేరే ఫేజు ఇప్పించండి, ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఇది మాత్రం మనం చేతులు పెట్టే పని కాదు.

స్త్రీ పాత్రలకు ఎవరూ దొరకట్లేదు

"మన దగ్గర ఆడవాళ్లు నాటకాలకు రారు" అని తేల్చేయకండి. రాత్రి పూట రిహార్సల్, ఇంటికి చేర్చే ఏర్పాటు లేకపోవడం, పదిమంది మగవాళ్ల మధ్య ఒక్కతే ఆడమనిషి కావడం, ఇవీ కారణాలు. బయటి ఊరి నుంచి ఆర్టిస్టును పిలిస్తే ఆవిడ పని ఆవిడ చక్కగా చేస్తుంది. అయితే ఒకరోజు ముందు వస్తుంది, మనవాళ్లేమో అప్పటిదాకా ఖాళీ కుర్చీతో మాట్లాడి ఉంటారు.

ఆదివారం పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా బడిలో రిహార్సల్ పెట్టండి. ఇద్దరు ముగ్గురు స్త్రీ పాత్రలున్న నాటికనే ఎంచుకోండి. మొదటి రోజు ఇంటివాళ్లను కూడా పిలిచి, ఎవరెవరున్నారో చూపించి చాయ్ తాగించి పంపండి. వెతకాల్సింది టీచర్లలో, డిగ్రీ కాలేజీల్లోనే కాదు, మహిళా సంఘాల్లో కూడా. బతుకమ్మ దగ్గర పాట ఎత్తుకునే అక్కకు స్టేజీ భయం ఉండదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి వాళ్లకు కుటుంబమే సమాజం కాబట్టి ఈ చిక్కు రాలేదు. మనం చేయగలిగింది, అక్కాచెల్లెళ్లనో భార్యాభర్తలనో కలిపి తీసుకోవడం.

జనం రావట్లేదు, వచ్చినవాళ్లు మధ్యలో లేచిపోతున్నారు

కరపత్రంలో ఆరున్నర. దీపం ఏడున్నరకు. తర్వాత అతిథుల ప్రసంగాలు, శాలువాలు, మెమెంటోలు, ఫొటోలు. తొమ్మిదింటికి తెర లేచేసరికి పిల్లలు నిద్రపోయి ఉంటారు, ఊరికి పోయేవాళ్లు బండి తీసి ఉంటారు. పైగా 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఆరుబయట రాత్రి పదింటి తర్వాత మైకు వాడకూడదు కాబట్టి చివరి సీను పరుగులు పెట్టిస్తారు. సన్మానాలు నాటిక అయ్యాక పెట్టండి. పెద్దమనిషి నొచ్చుకుంటాడని భయమైతే, ముందు వరుసలో కూర్చోబెట్టి ఒక్క నిమిషం మాట్లాడించండి. నాటకం చూశాక మాట్లాడితే ఆయనకూ చెప్పడానికి ఏదైనా ఉంటుంది.

తేదీ పెట్టేముందు పంచాంగం చూడండి. మాఘంలో పెళ్లి ముహూర్తాలు, చెర్వుగట్టు జాతర. కార్తీకంలో పాలమూరు వైపు కురుమూర్తి జాతర. ముహూర్తం లేని రోజు పెట్టుకుంటే హాలు తక్కువకు వస్తుంది, సౌండ్ వాళ్లు ఖాళీగా ఉంటారు, జనమూ ఉంటారు.

చందాల దగ్గర మాటలొస్తున్నాయి

డబ్బు ఒకరి జేబులో ఉన్నంతకాలం ఆ ఒకరు ఎంత నిజాయితీపరుడైనా మాటలొస్తాయి. ఏడుగురు సభ్యులుంటే 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద జిల్లా రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేసుకోవచ్చు. తర్వాత ఇద్దరి సంతకాలతో బ్యాంకు ఖాతా, నంబర్లున్న రసీదు పుస్తకం. మేకప్, లైటింగ్ వాళ్లకు ఆ రాత్రే ఇచ్చేయండి. వాళ్లను తిప్పించుకున్న సమాజం పేరు జిల్లా అంతా పాకుతుంది.

టికెట్ పెట్టాలా అనే వాదన వస్తే ఇది గుర్తుంచుకోండి. 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఔత్సాహిక సంఘం ఉచితంగా చూసే ప్రేక్షకులకు నాటకం వేస్తే అది ఉల్లంఘన కాదు. టికెట్ పెడితే రచయిత అనుమతి కావాలి. రచయిత పోయి 60 ఏళ్లు దాటితే ఆ అవసరం లేదు.

ప్రతి నాటికలో ఆయనే హీరో

డైరెక్టరూ హీరో ఒకరే అయితే ఆయన తప్పు ఆయనకు చెప్పేవాళ్లు ఉండరు, కొత్తవాళ్లు రెండో నాటికకు మిగలరు. పాత్రల ఎంపికకు సమాజం బయటి మనిషిని, ఊళ్లో పాత నటుడినో తెలుగు మాస్టారునో కూర్చోబెట్టండి. ఆయనకు పెద్దరికం కావాలంటే దర్శకత్వం ఇవ్వండి, వేషం వద్దనండి. రెండింట్లో ఒకటి.

ప్రదర్శన అయ్యాక మళ్లీ ఎవరూ కలవట్లేదు

తర్వాతి పని ఏదీ లేకపోవడమే కారణం. ప్రదర్శన అయిన వారంలోపు అందరినీ పిలిచి తెరలు ఎండబెట్టి మడత పెట్టండి, విగ్గులు దువ్వి కలరా ఉండలతో ట్రంకుపెట్టెలో పెట్టండి, లెక్కలు చదివి వినిపించండి. అదే రోజు కొత్త నాటిక ఒకటి గుండ్రంగా కూర్చుని చదవండి. వేయాలని కాదు, ఊరికే చదవడానికి. నెలకొక ఆదివారం ఇట్లా చదివితే చాలు. పొలం పని వేళల్లో నలుగురే వచ్చినా పర్వాలేదు, నలుగురితో చదివేదే తీసుకోండి. పోస్ట్‌మ్యాన్ వేషం వేసినతనికి ఈసారి పెద్ద పాత్ర చదవమని ఇవ్వండి.