పాత జాగ్వార్ ఎక్స్‌జే కొనేవారికి: కారుకన్నా ముందు బిల్లుల ఫైలు చూడండి

2003 నుంచి 2009 వరకు తయారైన జాగ్వార్ ఎక్స్‌జే, కొత్తగా వచ్చిన రోజుల్లో బ్రిటన్‌లో మంత్రులు, పెద్ద కంపెనీల డైరెక్టర్లు ఎక్కిన కారు. అదే కారు ఇప్పుడు స్థితిని బట్టి సుమారు మూడు వేల నుంచి ఎనిమిది వేల పౌండ్లకు దొరుకుతోంది. అక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్న మన తెలుగువారు ఈ ధర చూసి ముచ్చటపడటం సహజమే. అయితే పడిపోయింది కారు ధర మాత్రమే; విడిభాగాల ధరలు, ఈ కారు తెలిసిన మెకానిక్ గంటకు వేసే మజూరీ ఏమీ తగ్గలేదు. గత యజమాని వాయిదా వేసిన ప్రతి మరమ్మతు ఖర్చు కొన్నవారి నెత్తినే పడుతుంది. అందువల్ల ఈ కారు కొనేటప్పుడు రంగు, తోలు సీట్లు, చెక్క పలకల మెరుపు కంటే ముందుగా దాని వెంట వచ్చే బిల్లుల ఫైలును చూడాలని నా గట్టి అభిప్రాయం.

ఏ మోడల్, ఏ ఇంజిన్?

ఎక్స్‌జే 1968లో మొదలై 2019లో ముగిసింది. ఇన్నేళ్లలో వచ్చిన వాటిలో ఎక్స్350 అనే కోడ్ పేరున్న 2003-2009 నాటి కారునే సూచించడానికి కారణం ఉంది. దీనికి ముందరి ఎక్స్308, అంటే 1997 నుంచి 2003 వరకు వచ్చినది, చూపులకు మరింత సొగసైనదే. కానీ దానిది ఉక్కు బాడీ కాబట్టి తుప్పు పడుతుంది. పైగా 2000 నడిమి వరకు తయారైన దాని వీ8 ఇంజిన్లలో సిలిండర్ల లోపల నికాసిల్ పూత ఉండేది. ఆ కాలపు పెట్రోల్‌లో గంధకం ఎక్కువైనప్పుడు ఆ పూత దెబ్బతినేది. టైమింగ్ చైన్‌ను బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్లు ప్లాస్టిక్‌వి కావడంతో అవి పగిలి ఇంజిన్లు పాడైన సందర్భాలూ ఉన్నాయి. ఎక్స్350లో ఈ బాధలు చాలావరకు లేవు. దాని బాడీ మొత్తం అల్యూమినియం; వెల్డింగుకు బదులుగా మూడు వేలకు పైగా రివెట్లతో, విమానాల తయారీలో వాడే తరహా జిగురుతో దాన్ని అతికించారు.

ఇంజిన్లలో 3.0 లీటర్ల వీ6, 3.5, 4.2 లీటర్ల వీ8, సూపర్‌చార్జర్ (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే పరికరం) ఉన్న 4.2, 2.7 లీటర్ల డీజిల్ ఉన్నాయి. వీటిలో సూపర్‌చార్జర్ లేని 4.2ను ఎంచుకోవడం మంచిది. ముందరి తరం లోపాలను సవరించి వచ్చిన ఇంజిన్ కాబట్టి ఆయిల్, కూలెంట్ వేళకు మారిస్తే సాధారణంగా ఇబ్బంది పెట్టదు. మైలేజీ మాత్రం నగరంలో గాలన్‌కు ఇరవై మైళ్లు కూడా రాదని ముందే ఒప్పుకోవాలి. డీజిల్‌కు మైలేజీ బాగానే ఉంటుంది గాని అది పొగ కాలుష్యానికి యూరప్ పెట్టిన యూరో 6 ప్రమాణానికి ముందరిది. అందువల్ల లండన్ యూలెజ్ (ఎక్కువ పొగ వదిలే వాహనాలపై సుంకం వేసే ప్రాంతం) పరిధిలో ఏ రోజు నడిపితే ఆ రోజు 12.50 పౌండ్లు కట్టాలి. 2023 ఆగస్టు నుంచి ఆ పరిధి లండన్‌లోని బరోలన్నింటికీ, అంటే నగర పాలనా విభాగాలన్నింటికీ, విస్తరించింది. బర్మింగ్‌హామ్ నడిబొడ్డున ఈ సుంకం రోజుకు 8 పౌండ్లు. 

రోడ్డు పన్ను విషయంలో చాలామంది గమనించని తేదీ ఒకటుంది. కిలోమీటరుకు 225 గ్రాములకు మించి కార్బన్ డయాక్సైడ్ వదిలే కారు 2006 మార్చి 23కు ముందు రిజిస్టరైతే కె బ్యాండు (పన్ను తరగతి) పన్నుతో సరిపోతుంది. ఆ తేదీన గాని తర్వాత గాని రిజిస్టరైతే ఎల్ లేదా ఎం బ్యాండుకు పోయి ఏడాదికి సుమారు 300 పౌండ్లు అదనంగా పడుతుంది. పెట్రోల్ ఎక్స్‌జేలన్నీ ఆ 225 గ్రాములు దాటినవే. మరోవైపు యూలెజ్ మినహాయింపు కోసం పెట్రోల్ కారు యూరో 4 ప్రమాణాన్ని అందుకోవాలి. అది అన్ని కొత్త కార్లకూ తప్పనిసరి అయింది 2006లోనే అయినా, అంతకు ముందే దాన్ని అందుకున్న కార్లూ ఉన్నాయి. కాబట్టి 2006 మార్చికి ముందరి కారునే వెతికి, దాని నంబరును లండన్ రవాణా సంస్థ వెబ్‌సైట్‌లో కొట్టి చూసుకుంటే రెండు ప్రయోజనాలూ ఒకే కారులో దొరికే అవకాశం ఉంది.

ఇంట్లో కూర్చుని చేయవలసిన పని

కారు చూడటానికి బయలుదేరే ముందే సగం నిర్ణయం అయిపోవాలి. బ్రిటన్‌లో ఏ కారుకైనా నంబరు తెలిస్తే 2005 నుంచి జరిగిన ఎంఓటీ పరీక్షల (ఏటా చేసే తప్పనిసరి భద్రతా పరీక్షల) ఫలితాలు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా కనబడతాయి. అక్కడ పాసయిందా, ఫెయిలయిందా అన్నది మాత్రమే చూసి ఊరుకోకూడదు. ప్రతి పరీక్షనాటి మైళ్ల రీడింగు క్రమంగా పెరుగుతోందా, ఏదైనా ఏడాది వెనక్కి పోయిందా అన్నది చూడాలి. ఇంకా ముఖ్యమైనవి సలహాల రూపంలో రాసే వ్యాఖ్యలు. ముందు చక్రాల సస్పెన్షన్ బుష్‌లు (కుదుపు తగ్గించే రబ్బరు భాగాలు) అరిగాయని ఒక ఏడాది రాసి, మరుసటి ఏడాది అదే మాట మళ్లీ ఉంటే ఆ యజమాని ఫెయిలయ్యేదాకా ఖర్చు పెట్టని మనిషని తెలుస్తుంది. బ్రేకు పైపులు తుప్పు పట్టాయన్న వ్యాఖ్యను తేలికగా తీసుకోకూడదు. బాడీ అల్యూమినియమే గాని కింద సస్పెన్షన్‌ను మోసే చట్రాలు (సబ్‌ఫ్రేములు) ఉక్కువే, శీతాకాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు వాటిని తినేస్తుంది.

దీనితోపాటు కారు మీద ఫైనాన్స్ బకాయి ఉందా, ప్రమాదంలో దెబ్బతిని ఎస్ లేదా ఎన్ కేటగిరీ కింద బీమా కంపెనీ వదిలేసినదా అన్నది కొద్ది పౌండ్లు చెల్లించి తనిఖీ చేయించుకోవాలి. అల్యూమినియం బాడీని సరిచేయడం ప్రతి షెడ్డులోనూ అయ్యే పని కాదు. ఉక్కు మీద వాడిన పనిముట్లనే దీని మీదా వాడితే ఆ ఇనుప రజను అల్యూమినియంలో చిక్కుకుని కొంతకాలానికి పెయింటు పొంగుతుంది. అందుకే పెద్ద ప్రమాదం జరిగిన ఎక్స్‌జేను ఎంత చవకగా ఇచ్చినా వదిలేయడం మేలు.

కారు ముందు నిలబడినప్పుడు

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చూస్తానని, తాను వచ్చేవరకు స్టార్ట్ చేయవద్దని అమ్మే వ్యక్తికి ముందే చెప్పాలి. వెళ్లగానే బానెట్ ఎత్తడం కన్నా, పదడుగుల దూరంలో నిలబడి కారు నేల మీద సమంగా నిలబడిందా అన్నది గమనించాలి. ఈ కారుకు నాలుగు మూలలా ఉక్కు స్ప్రింగులకు బదులు గాలి నింపిన స్ట్రట్లు ఉంటాయి. రాత్రంతా నిలిపి ఉంచిన కారులో ముందు వైపు ఒక చక్రం దగ్గర మడ్‌గార్డు అంచుకూ టైరుకూ మధ్య నాలుగు వేళ్లు పట్టి, రెండో వైపు రెండు వేళ్లే పడితే ఆ వైపు స్ట్రట్ గాలి వదులుతోందని అర్థం. ఇంజిన్ స్టార్ట్ చేయగానే కంప్రెసర్ గాలి నింపి దాన్ని పైకి లేపుతుంది కాబట్టి, మీరు చేరేసరికే కారు వెచ్చగా ఉంటే ఈ లోపం కంటికి కనబడదు.

తరువాత అరచేతిని మడ్‌గార్డుల అంచుల మీద, తలుపుల అడుగున, డిక్కీ మూత మీద నంబరు ప్లేటు దీపాల చుట్టూ నెమ్మదిగా నడిపించాలి. అల్యూమినియంకు ఉక్కు బోల్టులు, క్లిప్పులు తగిలేచోట తేమ చేరితే లోహం తెల్లని పొడిగా మారి, పెయింటు కింద చిన్న చిన్న బుడిపెలు లేస్తాయి. కంటికి కనబడకముందే అవి చేతికి తగులుతాయి. ఒకటి రెండు చోట్ల ఉంటే బేరానికి పనికివస్తాయి. ఒళ్లంతా ఉంటే ఆ పెయింటు ఖర్చు కారు ధరను మించిపోతుంది.

టైర్లను చూస్తే యజమాని స్వభావం తెలిసిపోతుంది. నాలుగూ ఒకే మంచి కంపెనీవై ఉంటే సంతోషమే. నాలుగు చక్రాలకు నాలుగు రకాల చవక టైర్లు ఉంటే కంటికి కనబడని ఆయిల్, ఫిల్టర్ల విషయంలోనూ అదే పొదుపు జరిగిందనుకోవచ్చు.

నడిపేటప్పుడు రేడియో ఆపేసి, గంటకు యాభై అరవై మైళ్ల వేగంలో స్టీరింగ్ వణుకుతుందా, గతుకుల మీద ముందు నుంచి టకటకమని శబ్దం వస్తుందా అని చూడాలి. గేర్లు మారడం దాదాపు తెలియకూడదు. ఆగే ముందు కిందికి దిగేటప్పుడు కుదుపు వస్తే గేర్‌బాక్స్ ఆయిల్ మార్చవలసిన కాలం ఎప్పుడో దాటిందని అనుమానించాలి. నిలిపాక తాళంచెవిని బయటికి తీయగానే ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు తనంతట తానే పడాలి. తాళాలు రెండూ ఇస్తున్నారా అని కూడా అడగాలి, ఎందుకంటే కొత్త తాళం చేయించడం చిన్న ఖర్చు కాదు.

ఇదే కారును డీలరు వద్ద కొంటే 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం, ఇచ్చేనాటికే లోపం ఉందని తేలితే 30 రోజుల్లో తిరిగి ఇచ్చేసే హక్కు ఉంటుంది. ప్రైవేటు వ్యక్తి వద్ద కొంటే ప్రకటనలో రాసిన వివరాలకు కారు సరిపోవాలనే తప్ప అంతకు మించిన రక్షణ పెద్దగా లేదు. అయినా ఎనిమిదేళ్లుగా ఒకరి చేతిలోనే ఉండి, లావుపాటి బిల్లుల ఫైలుతో వచ్చే ప్రైవేటు కారునే నేను ఎంచుకుంటాను. లక్షన్నర మైళ్లు తిరిగి ఏటా సర్వీసు అయిన కారు, నలభై వేల మైళ్లే తిరిగి గ్యారేజీలో ఏళ్ల తరబడి పడి ఉన్న కారు కన్నా నమ్మదగినది. కదలకుండా ఉన్న కారులో రబ్బరు సీళ్లు ఎండిపోతాయి, బ్రేకులు పట్టేస్తాయి.

కొన్నాక

కారుకు పెట్టిన ధరలో కనీసం సగం మొదటి ఏడాది మరమ్మతుల కోసం విడిగా ఉంచుకోవాలి. అంత ఉంచలేని పక్షంలో ఈ కారు జోలికి పోకపోవడమే మంచిది. కొన్న వారంలోనే ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్, బ్రేకు ఫ్లూయిడ్ మార్పించి అక్కడి నుంచి లెక్క మొదలుపెట్టాలి. ఇంజిన్ వెచ్చబడ్డాక ప్లాస్టిక్ కూలెంట్ పైపుల చుట్టూ, థర్మోస్టాట్ పెట్టె వద్ద ఎండిన తెల్లని మరకలు ఉన్నాయేమో చూడాలి. ఇరవై ఏళ్ల వేడికి ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది.

గేర్‌బాక్స్ గురించి కొంత వివరంగా చెప్పాలి. ఇది జర్మనీకి చెందిన జెడ్‌ఎఫ్ సంస్థ తయారుచేసిన ఆరు గేర్ల 6హెచ్‌పీ26. కారు జీవితకాలమంతా దీని ఆయిల్ మార్చనక్కరలేదని జాగ్వార్ చెప్పింది. దాన్ని తయారుచేసిన జెడ్‌ఎఫ్ మాత్రం 50 వేల నుంచి 75 వేల మైళ్లకో, ఎనిమిదేళ్లకో మార్చమంటుంది. ఇలాంటిచోట తయారుచేసినవారి మాటే వినాలి. దీని ఫిల్టరు ప్లాస్టిక్ ఆయిల్ పాన్‌లోనే అమరి ఉంటుంది కాబట్టి పాన్ మొత్తం మార్చాలి. ఆయిల్ మట్టాన్ని ఇంజిన్ నడుస్తుండగా, ఆయిల్ వేడి 30 నుంచి 50 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నప్పుడు సరిచూడాలి. ఈ కొలత సంగతి తెలియని గ్యారేజీకి ఆ పని అప్పగించకూడదు. వేరే చవక ఆయిల్ పోసి ఖర్చు తగ్గించుకోవడం ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడటం వంటిది. లైఫ్‌గార్డ్ 6 అనే జెడ్‌ఎఫ్ ఆయిలే వాడాలి.

గాలి సస్పెన్షన్‌లో లోపం కనబడితే వాయిదా వేయకూడదు. ఒక స్ట్రట్ కొద్దిగా గాలి వదులుతున్నా ఆ లోటు పూడ్చడానికి కంప్రెసర్ పదే పదే తిరుగుతుంది. కొన్నాళ్లకు అదీ కాలిపోతుంది. ఒక వస్తువుతో పోయే ఖర్చు ఆ విధంగా రెండింటికి పాకుతుంది. గాలి స్ట్రట్లు తీసేసి మామూలు స్ప్రింగులు బిగించే కిట్లు బజారులో ఉన్నాయి, ఖర్చూ తగ్గుతుంది. అయితే ఈ కారుకు ఉన్న పేరంతా ఆ మెత్తని నడక వల్ల వచ్చిందే. కారును మూడు నాలుగేళ్లకు మించి ఉంచుకునేవారు బిల్‌స్టైన్ కంపెనీ గాలి స్ట్రట్లనే వేయించుకోవాలని నా సలహా.

డాష్‌బోర్డు మీద ఒకేసారి సంబంధం లేని హెచ్చరికలు నాలుగైదు వెలిగితే కంగారుపడి పార్టులు మార్పించకుండా, మొదట డిక్కీలో ఉండే బ్యాటరీని పరీక్షించాలి. వోల్టేజి కాస్త తగ్గినా ఈ కారు కంప్యూటర్లు తప్పుడు సంకేతాలు ఇస్తాయి. వారానికి ఒకసారి మాత్రమే నడిపేవారు బ్యాటరీ మెయింటెయినర్ (నిలిపి ఉంచిన కారులో చార్జి తగ్గకుండా చూసే పరికరం) పెట్టుకోవడం మంచిది. కారు కంప్యూటర్‌కు తగిలించే చవక స్కానర్ ఇంజిన్ లోపాల కోడ్‌లు మాత్రమే చదువుతుంది. సస్పెన్షన్, పార్కింగ్ బ్రేకు సంగతులు తెలియాలంటే జాగ్వార్‌కు సరిపడే పరికరం ఉన్న స్వతంత్ర స్పెషలిస్టు కావాలి. అటువంటి గ్యారేజీ మీ ఊరికి ఎంత దూరంలో ఉందో కారు కొనకముందే తెలుసుకోవాలి. జాగ్వార్ ఎన్‌థూజియాస్ట్స్ క్లబ్‌లో సభ్యత్వం తీసుకుంటే ఇలాంటి సమాచారం సులభంగా దొరుకుతుంది.

ఇండియాకు తిరిగివెళ్లేటప్పుడు ఈ కారును వెంట తీసుకుపోవాలని కొందరికి ఆశ ఉంటుంది. తయారై మూడేళ్లు దాటిన వాడిన కార్లను ఇండియా దిగుమతికి అనుమతించదు కాబట్టి అది కుదిరే పని కాదు. కనుక తిరుగు ప్రయాణం ఖాయమైన వెంటనే, ఎంఓటీ గడువు ఇంకా చాలా నెలలు ఉండగానే, కారును అమ్మకానికి పెట్టాలి. మీరు పోగుచేసిన బిల్లుల ఫైలు కూడా దానితోపాటే కొన్నవారి చేతికి వెళ్లాలి.