టర్బో పెట్రోల్ కారులో పికప్ తగ్గితే ముందు ఏం చూడాలి

హ్యుందాయ్ వెన్యూ 1.0 టర్బో ఇంజిన్ చిన్నదే: 998 సీసీ, మూడు సిలిండర్లు. అయినా 120 పీఎస్ పవర్, 172 ఎన్‌ఎం టార్క్ ఇస్తుంది. ఆ టార్క్ 1500 ఆర్‌పీఎం నుంచే అందుతుంది. ఈ బలమంతా టర్బోది, అంటే ఇంజిన్ పొగ తోపుతో తిరుగుతూ ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరానిది. దాని షాఫ్ట్ నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది, అదీ సన్నటి ఆయిల్ పొర మీద.

బండి గుంజడం లేదు, యాక్సిలరేటర్ తొక్కితే ఉస్సుమంటోంది అంటే టర్బో పోయిందని బెదరొద్దు. చాలాసార్లు అది గాలి లీకే. ఇంజిన్ చల్లారాక టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు (ఆ గాలిని చల్లబరిచే భాగం), అక్కడి నుంచి థ్రాటిల్ బాడీకి (ఇంజిన్‌లోకి గాలిని వదిలే కవాటం) పోయే హోస్‌లను చేత్తో తడమండి. పగుళ్లు వంపుల అడుగున దాక్కుంటాయి, కొద్దిగా వంచితేనే కనబడతాయి. లోపల పల్చటి నూనె తడి మామూలే. జాయింటు బయట ఆ తడికి ఎర్రమట్టి అంటుకొని ఉంటే గాలి అక్కడే పోతున్నట్టు. క్లాంప్ బిగించండి. పగిలిన హోస్‌ను మార్చాల్సిందే, టేపు బూస్ట్ ప్రెషర్‌కు, అంటే టర్బో నెట్టే గాలి ఒత్తిడికి, ఆగదు. స్కానర్‌లో పీ0299 కోడ్ (టర్బో ఒత్తిడి తక్కువని చెప్పేది) వచ్చి, హోస్‌లు బాగుంటే వేస్ట్‌గేట్ (టర్బోకు పోయే పొగను పక్కకు మళ్లించే తలుపు) చూడాలి.

నీలం పొగతో పాటు ఆయిల్ తగ్గుతుంటే టర్బో సీలు కావచ్చు, పిస్టన్ రింగులూ కావచ్చు. సిలిండర్ల కంప్రెషన్ (లోపలి ఒత్తిడి), టర్బో షాఫ్ట్ ఆట (వదులు) చూడకుండా టర్బో మార్పించడం డబ్బు దండగ.

నల్లగొండ, పాలమూరు మట్టిరోడ్లలో తిరిగే బండికి ఎయిర్ ఫిల్టర్‌ను 5000 కిలోమీటర్లకోసారి తీసి చూడండి. ఎండాకాలం హైవే మీద జోరుగా తోలి జడ్చర్లలో ఆగితే, వెంటనే ఇంజిన్ ఆపకుండా ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచండి. లేదంటే వేడికి టర్బోలోని ఆయిల్ మాడి బొగ్గుగా గడ్డకడుతుంది. మాన్యువల్‌లో చెప్పిన గ్రేడు ఆయిలే పోయించండి.