ఫైల్ సైజు ఎలా చదవాలి? పెన్‌డ్రైవ్‌లో పడుతుందో లేదో ముందే ఎలా తెలుసుకోవాలి?

అమలాపురంలో పెళ్లయింది, వీడియో ఫోల్డర్ ల్యాప్‌టాప్‌లో 60 జీబీ అని చూపిస్తోంది. కొన్న పెన్‌డ్రైవ్ మీద 64 జీబీ అని ఉంది. అయినా కాపీ చేయబోతే చోటు చాలదంటోంది. పెన్‌డ్రైవ్ నకిలీదేమోనని టెన్షన్ పడక్కర్లేదు, ఇది లెక్కలో వచ్చే తేడా.

ముందు యూనిట్లు తెలుసుకోండి. అన్నిటికన్నా చిన్నది బిట్, అంటే 0 లేదా 1. 8 బిట్లు కలిస్తే ఒక బైట్. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైట్ చాలు. అక్షరాల్ని బైట్లుగా రాసేందుకు ఇప్పుడు అందరూ వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి 3 బైట్లు, దాని గుణింతం గుర్తుకి మరో 3. అందుకే 'గోదావరి' అని టైప్ చేస్తే 21 బైట్లు పడుతుంది. అయినా భయం లేదు, పేజీకి 1,500 గుర్తుల చొప్పున 200 పేజీల పుస్తకం కూడా 1 ఎంబీ దాటదు. చోటు తినేవి ఫొటోలు, వీడియోలే.

బైట్ తర్వాత కేబీ (కిలోబైట్), ఎంబీ (మెగాబైట్), జీబీ (గిగాబైట్), టీబీ (టెరాబైట్). పేచీ ఇక్కడే. పెన్‌డ్రైవ్ తయారుచేసేవాళ్లు ఒక్కో మెట్టుకి 1,000 చొప్పున లెక్కేస్తారు. విండోస్ 1,024 చొప్పున లెక్కేసి, పేరు మాత్రం జీబీ అనే చూపిస్తుంది. ఈ రెండో లెక్కకి గిబీబైట్ లాంటి వేరే పేర్లు 1998లోనే పెట్టారు కానీ, జనం నోట్లో పడలేదు. కేబీ దగ్గర తేడా 2.4 శాతమే, జీబీకి వచ్చేసరికి 7 శాతం దాటుతుంది. కాబట్టి 64 జీబీ పెన్‌డ్రైవ్ విండోస్‌లో సుమారు 59.6గా, 1 టీబీ హార్డ్‌డిస్క్ 931 జీబీగా కనిపిస్తాయి. కొనేముందు డబ్బా మీది జీబీ అంకెని 0.93తో గుణించండి, మీ ఫోల్డర్ సైజు అంతకన్నా తక్కువైతేనే పడుతుంది. ఇంకా అనుమానముంటే ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి. అక్కడ బైట్లలో ఉండే అంకెకి ఏ గొడవా లేదు.

చోటున్నా ఒక్క పెద్ద వీడియో మాత్రమే ఎక్కకపోతే, పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో (అంటే ఫైళ్లని అమర్చే ఒక పద్ధతి) ఉందేమో చూడండి. అందులో ఒక ఫైల్ 4 జీబీ మించకూడదు. ఉన్నవన్నీ వేరే చోట దాచుకున్నాకే, ఆ ఇబ్బంది లేని ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌కి మార్చండి, ఎందుకంటే ఫార్మాట్ చేస్తే అన్నీ పోతాయి.

దరఖాస్తులో ఫొటో 50 కేబీ లోపు ఉండాలని అడిగితే, ఫోన్‌లో తీసిన 4 ఎంబీ ఫొటో దానికి 80 రెట్లు. పొడవు, వెడల్పు రెండూ సగానికి తగ్గిస్తే పిక్సెళ్లు (ఫొటోలోని చుక్కలు) నాలుగో వంతవుతాయి. ముఖం వరకు కత్తిరించి, తర్వాత సైజు తగ్గించడం మేలు, ముఖం స్పష్టంగా మిగులుతుంది.

ఇక నెట్ స్పీడు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర వదిలే నీటిని క్యూసెక్కుల్లో, నిల్వని టీఎంసీల్లో చెబుతారు కదా, ఇక్కడా అంతే: ఎంబీపీఎస్ ప్రవాహం, జీబీ నిల్వ. పైగా ఎంబీపీఎస్ అంటే సెకనుకి ఎన్ని మెగాబిట్లని, బైట్లు కావు. 8తో భాగించండి. 40 ఎంబీపీఎస్ కనెక్షన్‌లో సెకనుకి 5 ఎంబీ వస్తుంది, 1 జీబీ సినిమాకి మూడు నిమిషాల పైచిలుకు పడుతుంది.