కొంపల్లి దాటాక ఇంటిల్లిపాదీ కూర్చుని తినగలిగే హోటల్ వెతకడం ఎలా

హైదరాబాద్ ఉత్తర శివార్లలో సుచిత్ర నుంచి మేడ్చల్ దాకా 44వ నంబర్ జాతీయ రహదారి పక్కన సర్వీస్ రోడ్డు పట్టుకుని వెళ్తుంటే హోటళ్ళకి లోటేం లేదు. దాబాలు, మండీలు, బిర్యానీ హౌస్‌లు, రాజుగారి పులావులు, నాటుకోడి పులుసు-రాగిసంకటి బోర్డులు, మూడో అంతస్తు మీద రంగురంగుల లైట్లతో రూఫ్‌టాప్‌లు, అన్నీ ఉన్నాయి. లోటల్లా నాలుగేళ్ళ పిల్లాడు, మోకాళ్ళ నొప్పులున్న అత్తయ్య, శనివారం నాన్‌వెజ్ ముట్టని మామయ్య, బిర్యానీ తప్ప ఇంకేదీ భోజనమే కాదనే మరిది, వీళ్ళంతా ఒకే బల్ల చుట్టూ గంటన్నరసేపు గొడవ లేకుండా కూర్చోగలిగే చోటుకే.

అందుకే 'మంచి హోటల్ ఏది' అని మొదలుపెట్టొద్దు. బయట తినాలంటే మీ ఇంట్లో అందరికంటే ఎక్కువ ఇబ్బంది పడేది ఎవరో ముందు తేల్చుకోండి. వాళ్ళకి కుదిరిన చోట మిగతావాళ్ళు ఎలాగోలా సర్దుకుంటారు. మిగతావాళ్ళకి నచ్చిన చోట వాళ్ళు సర్దుకోలేరు. మా ఇంట్లో ఆ మనిషి అత్తయ్య. కారం ఎక్కువైనా, ఏసీ గాలి నెత్తిన కొట్టినా ఆవిడ పట్టించుకోరు గానీ మెట్లెక్కలేరు, కింద కూర్చోలేరు, వెస్టర్న్ టాయిలెట్ లేదంటే అసలు బయల్దేరరు. ఈ మూడూ పెట్టుకుని చూస్తే మా చుట్టుపక్కల హోటళ్ళలో సగం పేర్లు ఇంట్లో కూర్చునే కొట్టేయొచ్చు. రుచి సంగతి ఆ తర్వాత. మీ ఇంట్లో ఆ మనిషి నెలల పాప కావచ్చు, గ్యాస్ట్రిక్ ఉన్న నాన్న కావచ్చు, జనం గోలకి ఏడుపు లంకించుకునే బాబు కావచ్చు, దాన్నిబట్టి మీ లెక్క మారుతుంది.

బోర్డు మీద ఫ్యామిలీ రెస్టారెంట్ అని ఉంది కదా అని మాత్రం కార్ ఆపేయకండి. చాలాచోట్ల దాని పక్కనే కాస్త చిన్న అక్షరాల్లో బార్ అని కూడా ఉంటుంది. బార్ ఉండటం తప్పేం కాదు, కింద బార్, పైన ఫ్యామిలీ సెక్షన్ పెట్టి రెండింటికీ వేరే దారి, వేరే వాష్‌రూమ్ ఉంచినవాళ్ళు బాగానే నడుపుతున్నారు. చూడాల్సింది ఆ దారే. పిల్లల్ని చెయ్యి పట్టుకుని బార్ మధ్యలోంచి నడిపించుకుంటూ ఫ్యామిలీ హాల్‌కి వెళ్ళాల్సి వస్తే వెనక్కి తిరగడమే నయం. హైవే దాబాల విషయంలో లారీలు ఆగేచోట తిండి బాగుంటుందంటారు. తందూరీ రోటీ, దాల్ తడ్కా వేడివేడిగా వస్తాయి, అది నిజమే. కానీ రాత్రి 9 దాటాక పక్క బల్లల మీద ఏముంటుందో, వాష్‌రూమ్ ఎంత వెనకాల చీకట్లో ఉందో ముందే చూసుకోవాలి.

ఇక గూగుల్ మ్యాప్స్. శివార్లలో రేటింగ్ ఒక్కటే చూసి వెళ్తే దెబ్బతింటారు. ఇక్కడ హోటళ్ళు తెరుస్తుంటారు, మూసేస్తుంటారు, అదే పేరుతో ఓనర్ మారిపోతాడు, వంట మాస్టర్ పక్క హోటల్‌కి వెళ్ళిపోతాడు. 4.3 మాత్రం పాత మాస్టర్ చేతివంటకి వచ్చిందే అలా ఉండిపోతుంది. కాబట్టి రివ్యూలని కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని గత రెండు మూడు నెలలవి మాత్రమే చదవండి. వాటిలోనూ ఒకే వెయిటర్ పేరు పెట్టి 'అన్న సర్వీస్ సూపర్' అని వరసగా కనిపిస్తే ఆ రివ్యూలు బల్ల దగ్గర నిలబడి రాయించినవే అయ్యుంటాయి. క్యూఆర్ కోడ్ పెట్టి, ఐదు స్టార్లు ఇస్తే ఖుబానీ కా మీఠా ఫ్రీ అనడం కొత్తేం కాదు. నేనైతే మూడు స్టార్ల వాళ్ళని నమ్ముతాను. వాళ్ళకి కోపమూ ఉండదు, ఫ్రీ స్వీటూ దక్కలేదు, 'బిర్యానీ బాగుంది, వెయిటింగ్ గంట, వాష్‌రూమ్ గొళ్ళెం లేదు' అని ఉన్నదున్నట్టు రాస్తారు. సెర్చ్ డబ్బాలో పార్కింగ్, స్టెయిర్స్, లిఫ్ట్, వాష్‌రూమ్ అని కొడితే ఆ మాటలున్న రివ్యూలే బయటికొస్తాయి, ఈ సంగతి చాలామంది వాడుకోరు. ఓనర్ పెట్టిన ఫొటోలు వదిలేసి కస్టమర్లు పెట్టినవి చూడండి. ప్లేటు చూడొద్దు, ప్లేటు వెనకాల చూడండి: కుర్చీకి ఆనుకోవడానికి వీపు ఉందా, బల్లల మధ్య మనిషి పట్టేంత సందు ఉందా, పక్క బల్ల దగ్గర పెద్దవాళ్ళూ పిల్లలూ ఉన్నారా, లేక అన్నీ కుర్రాళ్ళ గుంపులేనా.

కుర్రాళ్ళంటే గుర్తొచ్చింది, మైసమ్మగూడ, గండిమైసమ్మ వైపు ఇంజనీరింగ్ కాలేజీలు ఎక్కువ, దాంతో అటువైపు చాలా చోట్ల మెనూ, మ్యూజిక్, ధరలు అన్నీ స్టూడెంట్ల కోసమే. ధర తక్కువ, సౌండ్ ఎక్కువ. మాటలు వినపడక మామయ్య హియరింగ్ మిషన్ తీసి జేబులో వేసుకున్నాక ఇంక అటు వెళ్ళడం మానేశాం.

అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో 'దగ్గర్లో మంచి రెస్టారెంట్ చెప్పండి ప్లీజ్' అని అడిగితే ఏమొస్తాయో మీకు తెలుసు. ఒకాయన బావమరిది హోటల్, ఇంకొకాయన సికింద్రాబాద్‌లో చిన్నప్పుడు తిన్న హోటల్, రెండు దండం బొమ్మలు. అడిగేది సూటిగా అడగండి: 'ఈ నెలలో ఎవరైనా ముసలివాళ్ళని తీసుకుని మేడ్చల్ రోడ్డులో డిన్నర్‌కి వెళ్ళారా, ఎక్కడ, మెట్లున్నాయా?' జవాబులు తక్కువే వస్తాయి గానీ వచ్చినవి పనికొస్తాయి. ఇంకా నమ్మకంగా తెలియాలంటే పిల్లల స్కూల్ బస్సు దగ్గర నిలబడే తల్లుల్ని, పక్క బ్లాకులో మొన్నీమధ్య పుట్టినరోజు చేసినవాళ్ళని అడగాలి.

రెండు మూడు పేర్లు తేలాక ఫోన్ చేయండి. సాయంత్రం నాలుగు, ఐదు మధ్య చేస్తే ఖాళీగా ఉంటారు, ఓపిగ్గా చెప్తారు. హాలు ఏ అంతస్తులో ఉంది, లిఫ్ట్ ఉందా, కరెంటు పోతే లిఫ్ట్‌కి జనరేటర్ ఉందా (జనరేటర్ ఉందా అని కాదు, లిఫ్ట్‌కి ఉందా అని), పిల్లల ఎత్తు కుర్చీ ఉందా, ఎనిమిది మందికి బల్ల ముందే ఉంచుతారా లేక వచ్చినవాళ్ళకి వచ్చినట్టేనా. 'రండి మేడమ్, అన్నీ ఉన్నాయి' అంటే ఏదీ లేదనుకోండి. 'లిఫ్ట్ లేదు మేడమ్, కానీ కింద నాలుగు టేబుళ్ళున్నాయి, ఏడింటికల్లా వస్తే ఆపుతాం' అన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళండి.

మొదటిసారే అందరినీ వేసుకుని వెళ్ళొద్దు. మామూలు రోజు రాత్రి ఏడింటికి ఇద్దరే వెళ్ళండి. కూర్చున్న వెంటనే ఆర్డర్ ఇవ్వకుండా చేతులు కడుక్కునే నెపంతో వాష్‌రూమ్‌కి వెళ్ళి రండి. నేల తడిగా, జారుడుగా ఉందా, సబ్బు ఉందా, తలుపు గొళ్ళెం పడుతుందా, ఆడవాళ్ళది విడిగా ఉందా, లేక బయట రెండు బొమ్మలు అంటించి లోపల ఒకటేనా. అక్కడ శుభ్రంగా లేకపోతే నీళ్ళు తాగి లేచి వచ్చేయడానికి మొహమాటపడొద్దు. బాగుంటే కొంచెమే తెప్పించుకోండి: ఒక దాల్, రెండు రోటీలు, ఒక సింగిల్ బిర్యానీ. దాల్ బాగా చేసినవాళ్ళు మిగతావి కూడా పాడుచేయరని నా నమ్మకం, దానికి శాస్త్రమేం లేదు. వెజ్ తినేవాళ్ళుంటే వెజ్ బిర్యానీ అన్నం ఎక్కడిదని ఆర్డర్ తీసుకునే కెప్టెన్‌ని అడగండి. విడిగా వండిన అన్నమా, లేక చికెన్ దమ్ హండీలోంచే తీసి కూరగాయల మసాలా కలిపి ఇస్తారా అని. తడబడ్డాడంటే మామయ్యకి అక్కడ కర్డ్ రైసే.

మండీల గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు సందుకొకటి వచ్చింది. యెమెన్ తిండి ఇది, యెమెన్ మూలాలున్న కుటుంబాలు ఎక్కువగా ఉండే బార్కస్ వైపు నుంచి ఊరంతా పాకింది. పిల్లలున్నవాళ్ళకి మండీ చాలా హాయి. పరుపులేసి పరదా కట్టిన క్యాబిన్, పెద్ద పళ్ళెంలో అందరికీ కలిపి అన్నం, బిర్యానీతో పోలిస్తే కారం బాగా తక్కువ, పిల్లాడు పొర్లినా పడినా దెబ్బ తగలదు. అదే క్యాబిన్ మోకాళ్ళ నొప్పులవాళ్ళకి నరకం. కొన్నిచోట్ల కింది పరుపుల పక్కనే కుర్చీలూ బల్లలూ కూడా వేస్తున్నారు, అది కనుక్కుని వెళ్ళండి. లేదంటే అత్తయ్య గోడకానుకుని ఒక కాలు చాపుకుని, ఇంకో కాలు ఎక్కడ పెట్టాలో తెలియక తిన్నంతసేపూ పళ్ళెం వైపు వంగుతూనే ఉంటారు.

టైమింగ్ సంగతి. కొంపల్లి, మేడ్చల్ రోడ్డు నిండా ఫంక్షన్ హాళ్ళూ కన్వెన్షన్ సెంటర్లే. ముహూర్తాలున్న రోజు సాయంత్రం ఆ రోడ్డు మీద కిలోమీటరు దాటడానికి పట్టే టైమ్‌లో ఇంట్లో అన్నం వండేసుకోవచ్చు. కాబట్టి హోటల్‌కి వెళ్ళే ముందు క్యాలెండర్‌లో ముహూర్తాలు చూడండి, జోక్ కాదు. హోటల్ రోడ్డుకి ఏ పక్కన ఉందో కూడా చూసుకోవాలి, అవతలి పక్కదైతే యూటర్న్ కోసం చాలా ముందుకెళ్ళి తిరిగి రావాలి, ఫ్లైఓవర్ పనులు జరిగేచోట ఆ యూటర్న్ మొన్న ఉన్నచోట ఇవాళ ఉండదు. ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకి వెళ్తే వెయిటింగ్ గ్యారంటీ, ఏడింటికల్లా కూర్చోండి, లేదా మధ్యాహ్నం పన్నెండున్నరకి వెళ్ళండి, అప్పుడే హండీ మూత తీసిన బిర్యానీ దొరుకుతుంది. కండ్లకోయ ఆక్సిజన్ పార్కుకో, శామీర్‌పేట చెరువు వైపో వెళ్ళి వచ్చేటప్పుడు తిందామనుకుంటే మీలాగే అందరూ అనుకుంటారు, వెళ్ళేటప్పుడే తినేయడం మేలు. కార్తీకంలో వెజ్ హోటళ్ళు కిటకిటలాడతాయి, ముందే ఫోన్ చేసుకోండి.

పిల్లల తిండికి వస్తే, 'కారం తక్కువ' అని చెప్తే చాలదు. ముందే చేసి ఉంచిన గ్రేవీలో కారం తగ్గించలేరు, పైన క్రీమ్ పోసి తెస్తారంతే. అప్పటికప్పుడు చేసేవి అడగాలి: ఎగ్ ఫ్రైడ్ రైస్, జీరా రైస్, మిరియాలు లేని సూప్ వన్ బై టూ. పిల్లాడిది ముందు తెచ్చేయమని ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పండి. షవర్మా, మొమోస్‌తో వచ్చే మయోనైజ్ దగ్గర కొంచెం జాగ్రత్త. పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ని తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ 30 నుంచి ఏడాదిపాటు నిషేధించింది, అది తిని జనం ఆస్పత్రుల పాలవడం వల్లే. నేను పిల్లాడికి అసలు పెట్టను, ఎగ్‌లెస్ అని చెప్పినా సరే.

కౌంటర్ దగ్గర గోడ మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్స్ కాగితం ఉండాలి, 14 అంకెల నంబర్. బిల్లు మీద కూడా ఉంటుంది. రాష్ట్ర ఆహార భద్రతా కమిషనర్ ఎక్స్ ఖాతాలో 2024 నుంచి తనిఖీల వివరాలు, వంటగది ఫొటోలతో సహా పెడుతున్నారు, మీరనుకున్న హోటల్ పేరు అక్కడ కొట్టి చూడండి. పేరున్న హోటళ్ళు కూడా కనిపిస్తాయి, చూశాక ఆకలి చచ్చిపోతే నన్నేమీ అనొద్దు.

బిల్లు వచ్చాక సర్వీస్ ఛార్జ్ అనే లైన్ ఉందేమో చూడండి. దాన్ని బిల్లులో దానంతటదే వేసేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో చెప్పింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో ఆ మాటనే నిలబెట్టింది. తీసేయమంటే మామూలుగా తీసేస్తారు, మొండికేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. జీఎస్టీ మామూలు రెస్టారెంట్‌లో 5 శాతం. కాంపొజిషన్ స్కీములో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద కొంత శాతం పన్ను తామే కట్టే పద్ధతి) ఉన్న చిన్న హోటల్ మీ దగ్గర జీఎస్టీ విడిగా వసూలు చేయకూడదు. నీళ్ళ దగ్గర 'మినరలా, నార్మలా' అని అడక్కుండానే నాలుగు సీసాల మూతలు తీసేస్తుంటారు, కూర్చోగానే నార్మల్ వాటర్ చాలని చెప్పేయండి. సీసాల మీద మిగిలిన డబ్బు బాగా వడ్డించిన కుర్రాడి చేతిలో పెట్టండి, సర్వీస్ ఛార్జ్ లైన్ కంటే అది వాడికి నేరుగా చేరుతుంది.

ఇలా వెతికితే చివరికి మీకు దొరికేది ఒక్క హోటల్ కాదు, మూడు నాలుగు: పెద్దవాళ్ళతో వెళ్ళేది, పిల్లల గోల తట్టుకునేది, చుట్టాలొస్తే పరువు నిలిపేది, అర్ధాకలితో ఆఫీసు నుంచి దిగి వెళ్ళేది. ఫోన్‌లో వాటి పేర్ల పక్కనే అంతస్తు, లిఫ్ట్, కెప్టెన్ పేరు రాసి పెట్టుకోండి, ఆర్నెల్లకోసారి మళ్ళీ ఇద్దరే వెళ్ళి చూసి రండి, మాస్టర్ మారి ఉండొచ్చు. ఇవన్నీ చూసుకుని వెళ్ళినా బయట నలభై మంది నిలబడి ఉంటే టోకెన్ తీసుకుని గంట నిలబడకండి, ఆకలేసిన పిల్లాడూ నిలబడలేని పెద్దావిడా పక్కన ఉండగా అంత ఓపిక ఎవరికీ ఉండదు. అక్కడే ఫ్యామిలీ ప్యాక్ పార్సిల్ చెప్పి, దారిలో టిఫిన్ సెంటర్‌లో మామయ్యకి నాలుగు ఇడ్లీలు కట్టించుకుని ఇంటికి వచ్చేయండి.