లేహ్ విమానం ఎక్కేముందు

జూన్‌లో లడఖ్ వెళ్లేవారికి, ఒకసారి దెబ్బతిన్నవాడి మాట:

– దిగాక రెండు రోజులు విశ్రాంతే. లేహ్ దాదాపు 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. తక్కువ ఆక్సిజన్‌కు ఒళ్లు అలవాటు పడాలి. నేను మొదటి సాయంత్రమే శాంతి స్తూపం మెట్లెక్కాను. రాత్రంతా తలనొప్పి, వాంతులు. పక్కనే సంచిలో చిప్స్ ప్యాకెట్, బయట గాలి ఒత్తిడి తగ్గడంతో, బూరెలా ఉబ్బి కూర్చుంది.

– నడక తూలినా, కూర్చున్నచోటే ఆయాసం వచ్చినా ఆలస్యం వద్దు. ప్రాణం మీదికి వస్తుంది. ఆక్సిజన్ పెట్టించుకుని కిందికి దిగడమే అసలు మందు.

– డయామాక్స్ (ఎత్తు ప్రదేశాల్లో వచ్చే ఈ జబ్బు రాకుండా వేసుకునే మాత్ర) డాక్టరును అడిగే వేసుకోండి. సల్ఫా మందులు పడనివారికి ఇది పడకపోవచ్చు.

– మద్యం, నిద్రమాత్రలు వద్దు. నిద్రలో శ్వాస మందగిస్తుంది.

– పోస్ట్‌పెయిడ్ సిమ్ ఉండాలి. మన ప్రీపెయిడ్ అక్కడ మూగబోతుంది.

– ఖర్దుంగ్ లా (లేహ్ కంటే చాలా ఎత్తైన కనుమ) మీద పావుగంట చాలు. ఫొటోల వరస పొడవుగా ఉంటే వదిలేయండి.