కొచ్చిలో కళలు చూడాలంటే

మొదటిసారి వెళ్లినప్పుడు కథకళి ఆట మొదలయ్యే టైముకి చేరాను. అది పెద్ద పొరపాటు. మీరు గంట ముందే వెళ్లండి. ఫోర్ట్ కొచ్చిలో చాలాచోట్ల వేషం వేసుకోవడం కూడా చూడనిస్తారు. పచ్చరంగు పూసిన ముఖం చుట్టూ ‘చుట్టి’ అనే తెల్లటి అంచు అతికిస్తుంటే, మామూలు మనిషి మన కళ్లముందే రాజైపోతాడు. నాకు ఆటకన్నా అదే ఎక్కువ గుర్తుంది. ఆరోజు ఆడే కథ ముందే చదువుకోండి, ముద్రలు కొంతైనా అందుతాయి.

మర్నాడు మట్టాంచేరి. అక్కడి రాజభవనాన్ని డచ్ ప్యాలెస్ అంటారు గానీ కట్టించింది పోర్చుగీసువాళ్లు. లోపల గోడల నిండా రామాయణ చిత్రాలు. అన్నీ చూసేయాలని పరిగెత్తకండి, ఒక్క గోడ ముందు పావుగంట నిలబడండి. పక్కనే 1568 నాటి యూదుల ప్రార్థనామందిరం. చెప్పులు విప్పి, చైనా నుంచి తెచ్చిన నీలిరంగు పలకల మీద నడుస్తారు. వాటి మీది బొమ్మలు చేత్తో వేసినవి, వంగి చూడండి. శనివారం మాత్రం మూసేస్తారు.

కొత్త కళకి 2012లో మొదలైన కొచ్చి-ముజిరిస్ బినాలే అనే పెద్ద కళాప్రదర్శన ఉంది. మామూలుగా రెండేళ్లకోసారి, డిసెంబరులో మొదలవుతుంది. పాత గోదాముల్లో పెట్టిన కళాఖండం అర్థం కాకపోతే మొహమాటపడకుండా అక్కడున్నవాళ్లని అడగండి. నేను అడిగాకే ఆగి చూడటం మొదలుపెట్టాను.