ఎంజీబీని కొనడం, నడపడం, నిలుపుకోవడం

బ్రిటన్‌లో స్థిరపడిన మన వాళ్లెవరైనా పాత స్పోర్ట్స్ కారు ఒకటి కొనుక్కోవాలని సలహా అడిగితే, నేను మొదట చెప్పే పేరు ఎంజీబీ. 1962లో విడుదలై 1980 అక్టోబరు దాకా ఆక్స్‌ఫర్డ్‌కు దగ్గరలోని అబింగ్‌డన్ కర్మాగారంలో తయారైన ఈ కారు, పైకప్పు తీయగలిగే రోడ్‌స్టర్‌గానూ, 1965 నుంచి గట్టి పైకప్పున్న జీటీగానూ, మొత్తం మీద 5 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. అందువల్ల విడిభాగాలకు ఇప్పటికీ కొదవ లేదు. విట్నీలోని బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ 1988 నుంచి పాత అచ్చులతోనే పూర్తి బాడీని కూడా కొత్తగా తయారు చేసి ఇస్తోంది. ఇంటి ముందు స్థలంలో, మామూలు పనిముట్లతో, ఓపికగల ఔత్సాహికుడు తానే బాగుచేసుకోగలిగినంత సరళమైన కారు ఇది. అయితే కొనేటప్పుడు ఇంజను కన్నా బాడీని నమ్మాలి, కొన్న తర్వాత దాచడం మాని నడపాలి. ఈ వ్యాసంలో చెప్పే వివరాలన్నీ చివరకు ఈ రెండింటి దగ్గరికే వస్తాయి.

1974 రెండో సగం దాకా వచ్చిన కార్లకు మెరిసే క్రోమ్ బంపర్లు ఉంటాయి. ఆ తర్వాత అమెరికా భద్రతా నియమాల కోసం నల్లని పెద్ద బంపర్లు అమర్చి, కారు ఎత్తును కూడా పెంచారు. అందం కోసం క్రోమ్ బంపర్ల కారుకే ఎక్కువ ధర పలుకుతుంది. కానీ 1977 మోడల్ నుంచి ముందూ వెనుకా, మలుపుల్లో కారు పక్కకు వాలడాన్ని తగ్గించే యాంటీ రోల్ బార్లు వచ్చాయి కనుక, నడపడమే ముఖ్యమనుకునే వారికి చివరి సంవత్సరాల కారు తక్కువ డబ్బుకు దొరికే మంచి బేరమని నా అభిప్రాయం. ఏ సంవత్సరపు కారైనా ఓవర్‌డ్రైవ్, అంటే అదే వేగంలో ఇంజను తక్కువ తిరిగేలా చేసే అదనపు గేరు, ఉన్నదే తీసుకోండి. నాలుగో గేరులో ఇంజను నిమిషానికి వెయ్యి సార్లు తిరిగితే కారు వేగం గంటకు సుమారు 18 మైళ్లుంటుంది. అంటే మోటర్‌వేపై 70 మైళ్ల వేగంలో ఇంజను 3,900 దగ్గర మోగుతూ ఉంటుంది. ఓవర్‌డ్రైవ్ స్విచ్ వేయగానే అది 3,200 దగ్గరికి దిగుతుంది. దూర ప్రయాణం హాయిగా సాగేదీ, తలనొప్పిగా మారేదీ ఈ తేడాను బట్టే.

చూడడానికి వెళ్లినప్పుడు బానెట్ ఎత్తమని అడగడానికి ముందు నేల మీద మోకాళ్లూనండి. ఈ కారుకు వేరుగా ఛాసిస్ లేదు. తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనుక చక్రం దాకా సాగే సిల్ భాగాలే, ముఖ్యంగా పైకప్పు లేని రోడ్‌స్టర్‌లో, కారు మొత్తాన్ని నిటారుగా నిలబెడతాయి. అవి లోపలి నుంచి తుప్పు పడతాయి కనుక పైన రంగు నిగనిగలాడుతున్నా నమ్మడానికి లేదు. తలుపు మూసి, దాని వెనుక అంచుకూ బాడీకీ మధ్య ఉన్న సందు పైనుంచి కింది దాకా ఒకే వెడల్పులో ఉందో లేదో చూడండి. తర్వాత యజమాని అనుమతితో కారు ఒక పక్కను జాకీపై లేపించి, అదే తలుపును మెల్లగా తెరిచి మూయండి. సందు పైభాగంలో ఇరుకైనా, తలుపు అంచు బాడీకి రాసుకున్నా సిల్‌లో బలం లేదని అర్థం. ఎంత నచ్చినా ఆ కారును అక్కడే వదిలి వచ్చేయండి. సిల్స్ కోసి కొత్తవి అతికించడానికి అయ్యే ఖర్చు, ఇంజను విప్పి బాగుచేయించే ఖర్చును సులువుగా దాటిపోతుంది.

పలుచని గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతాన్ని ముందు మడ్‌గార్డుల వెనుక అంచు కింద, వెనుక చక్రాలకు సరిగ్గా ముందుండే మలుపు దగ్గర ఆనించి చూడండి. పట్టు జారిందంటే రంగు కింద ఉన్నది పుట్టీయే. సీట్ల వెనుక మూత తీసి బ్యాటరీ పెట్టెలు చూడడం మరవవద్దు. పాత కార్లలో అక్కడ రెండు 6 వోల్టుల బ్యాటరీలు, తర్వాతి వాటిలో ఒకే 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. ఎవరి కంటా పడని ఆ మూలలో ఆమ్లమూ నీరూ కలిసి ఇనుమును తినేస్తాయి. ఎక్కువ కార్లు అమెరికాకే ఎగుమతి అయ్యాయి. అక్కడి పొడి రాష్ట్రాల నుంచి తిరిగి వచ్చి, ఎడమ స్టీరింగును కుడికి మార్పించుకున్న కార్లు బ్రిటన్ మార్కెట్లో చాలానే ఉన్నాయి. బాడీ గట్టిగా ఉంటే వాటిని తక్కువగా చూడనక్కరలేదు.

ఇంజను 1,798 సీసీల బి సిరీస్. తేలికగా పాడవదు, పాడైనా బాగుచేసే వారు ఊరూరా ఉన్నారు. బాగా వేడెక్కాక, మామూలు వేగంలో ఆయిల్ ప్రెషర్ చదరపు అంగుళానికి 50 నుంచి 80 పౌండ్ల మధ్య, ఐడ్లింగ్‌లో (కారు ఆగి ఇంజను మాత్రం తిరుగుతున్నప్పుడు) 10 నుంచి 25 మధ్య చూపిస్తే నిశ్చింతగా ఉండవచ్చు. వైర్ చక్రాలుంటే, జాకీ మీద లేపి, ఒకరు బ్రేకు నొక్కి ఉండగా చక్రాన్ని ముందుకూ వెనక్కూ కదిపించండి. చక్రం తొడిగే హబ్ మీది గాడులు అరిగి ఉంటే టక్కుమనే చప్పుడు వినిపిస్తుంది.

కాగితాల విషయానికి వస్తే, ఛాసిస్ నంబరు లాగ్‌బుక్‌ (రిజిస్ట్రేషన్ పత్రం)లోని నంబరుతో అక్షరం తప్పకుండా సరిపోవాలి. చివరి కార్లను మినహాయిస్తే, రోడ్‌స్టర్ నంబరు జీహెచ్ఎన్ అనీ, జీటీ నంబరు జీహెచ్‌డీ అనీ మొదలవుతుంది. గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం ఇచ్చే హెరిటేజ్ సర్టిఫికెట్‌లో కారు ఏ రోజున తయారైందో, ఏ రంగులో ఏ దేశానికి వెళ్లిందో తెలుస్తుంది. ఎంజీబీలన్నీ 40 ఏళ్లు దాటినవే కనుక హిస్టారిక్ తరగతిలో నమోదు చేయించుకుంటే రోడ్డు పన్ను కట్టనక్కరలేదు, లండన్ కాలుష్య మండలం రుసుమూ ఉండదు. పన్ను సున్నా అయినా ప్రతి ఏడూ పన్ను నమోదు మాత్రం చేయాల్సిందే. కారు నిర్మాణంలో పెద్ద మార్పులు చేయకపోతే వార్షిక ఎం.ఓ.టీ. (వాహన భద్రత) పరీక్ష నుంచి కూడా 2018 మే నుంచి మినహాయింపు ఉంది. ఆ మినహాయింపు ఉన్నా నేను ఏటా పరీక్ష చేయిస్తాను, మీరూ చేయించండి. బ్రేకు గొట్టం పగుళ్లనూ, స్టీరింగు కీళ్లలోని వదులునూ మన మీద ప్రేమ లేని మరొక కన్ను చూడడం మంచిది. బీమా తీసుకునేటప్పుడు ముందుగా ఒప్పుకున్న విలువ మీద ఇచ్చే పాలసీయే అడగండి. లేకపోతే ప్రమాదం జరిగిన రోజున మీ కారు విలువను ఎవరో తేల్చేస్తారు.

ఇంటికి తెచ్చిన వెంటనే ఊరేగింపుకు బయలుదేరకుండా, ద్రవాలన్నీ మార్చండి. ఇంజనుకు 20డబ్ల్యూ50 ఆయిల్ చాలు, మాన్యువల్ గేర్‌బాక్సులోనూ ఓవర్‌డ్రైవ్‌లోనూ పోసేది కూడా ఇంజను ఆయిలే. బ్రేకు ద్రవం రెండేళ్లకొకసారి మారాలి. బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోలు ఇ10, అంటే అందులో 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది పాత రబ్బరు గొట్టాలను మెత్తబరచి పగులగొడుతుంది. కనుక ట్యాంకు నుంచి కార్బ్యురేటర్ దాకా పెట్రోలు గొట్టాలన్నింటినీ ఇథనాల్‌ను తట్టుకునే రకంతో మార్చి, ఇ5 రకం సూపర్ పెట్రోలే పోయించండి. సిలిండర్ హెడ్‌లో గట్టిపరచిన వాల్వ్ సీట్లు వేశారో లేదో పాత యజమానిని అడగండి. వేయకపోతే, పాత పెట్రోలులో ఉండిన సీసం (లెడ్) స్థానంలో వాడే ద్రవాన్ని పెట్రోలులో కలపాలి. 1967 చివరికి ముందు కార్లలో పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ పాజిటివ్ కొసను బాడీకి కలిపే పద్ధతి, ఉంటుంది. బ్యాటరీ తీగలు ముట్టుకునే ముందు, కొత్త రేడియో బిగించే ముందు ఈ సంగతి రూఢి చేసుకోవాలి. మరొక మాట, ఈ కారుకు మిల్లీమీటర్ల పానాలు సరిపోవు. 7/16, 1/2, 9/16 అంగుళాల ఏఎఫ్ (బోల్టు తల ఎదురెదురు ముఖాల మధ్య కొలత) పానాలు కొనుక్కుంటే బోల్టుల తలలు చెడవు.

ముందు చక్రాలు పక్కకు తిరగడానికి ఆధారమైన కింగ్‌పిన్లకు ఒక్కో వైపు మూడేసి గ్రీజు నిప్పల్స్ ఉంటాయి. ప్రతి 3,000 మైళ్లకు గ్రీజు పెట్టాలని పాత మాన్యువల్ చెబుతుంది; తక్కువ తిరిగే కారుకైతే ఏడాదికి రెండుసార్లు పెట్టండి. కారును స్టాండ్ల మీద నిలిపి, చక్రాలు గాలిలో వేలాడుతుండగా, నిప్పల్ చుట్టూ మట్టి తుడిచి, కీలు అంచుల నుంచి నల్లని పాత గ్రీజు పోయి శుభ్రమైన కొత్త గ్రీజు బయటికి వచ్చేదాకా గన్ నొక్కండి. ఈ అరగంట పని చేయని కారులో స్టీరింగు బిగుసుకుపోయి, ఆనక కింగ్‌పిన్లే మార్చాల్సి వస్తుంది.

జంట ఎస్‌యూ కార్బ్యురేటర్లంటే చాలామంది జంకుతారు. నిజానికి వాటిని సరిచేయడం ఈ కారుతో వచ్చే గొప్ప సంతోషాల్లో ఒకటి. మొదట వాల్వ్ గ్యాపులూ, ఇగ్నిషన్ పాయింట్లూ, టైమింగూ సరిగా ఉండాలి. అవి చెడి ఉంటే కార్బ్యురేటర్‌ను తిప్పి లాభం లేదు. కార్బ్యురేటర్ల పైనుండే రెండు డాష్‌పాట్లలోనూ పలుచని ఆయిల్ ఉందో లేదో చూసి, ఇంజను పూర్తిగా వేడెక్కాక ఎయిర్ ఫిల్టర్లు తీసి, రెండు కార్బ్యురేటర్లను కలిపే కడ్డీ మీది క్లాంపులు వదులు చేయండి. ఒక సన్నని రబ్బరు గొట్టం చివరను చెవి దగ్గర పెట్టుకుని, రెండో చివరను ఒక్కో కార్బ్యురేటర్ నోటి దగ్గర ఒకే చోట ఆనిస్తే గాలి పీల్చుకునే బుస వినిపిస్తుంది. రెండు బుసలూ ఒకే శ్రుతిలో వినిపించే దాకా ఐడ్లింగ్ మరలు కొద్దికొద్దిగా తిప్పాలి. ఆ తర్వాత ఒక కార్బ్యురేటర్ కింది పిన్నుతో లోపలి పిస్టన్‌ను మిల్లీమీటరు కన్నా తక్కువ ఎత్తండి. ఇంజను వేగం పెరిగి అలాగే నిలిస్తే పెట్రోలు ఎక్కువవుతోంది. వేగం పడిపోయి ఆగబోతే తక్కువవుతోంది. ఒక్క క్షణం పెరిగి మళ్లీ మామూలైతే సరిగ్గా ఉంది. పాత హెచ్ఎస్4 రకంలో కింది నట్టును ఒక్కో ముఖం చొప్పున పైకి తిప్పితే పెట్రోలు తగ్గుతుంది, కిందికి తిప్పితే పెరుగుతుంది. రెండూ కుదిరాక క్లాంపులు బిగించండి.

నడిపేటప్పుడు ఈ కారు తొందరను సహించదు. తాళం తిప్పగానే వెనుక నుంచి పెట్రోలు పంపు టకటకలాడి, నెమ్మదించి, ఆగుతుంది. ఆగిన తర్వాతే సెల్ఫ్ కొట్టండి. ఆగకుండా మోగుతూ ఉంటే ట్యాంకు ఖాళీ అయినా అయి ఉండాలి, ఎక్కడో గాలి చొరబడుతూ అయినా ఉండాలి. చోక్ లాగి స్టార్ట్ చేసి, నిలబెట్టి వేడి చేయకుండా వెంటనే కదలండి, ఇంజను సాఫీగా పలికిన కొద్దీ చోక్ లోపలికి నెట్టండి, ఆయిల్ వేడెక్కే దాకా 3,000 దాటించకండి. 1967 చివరికి ముందు గేర్‌బాక్సుల్లో మొదటి గేరుకు సింక్రోమెష్ (గేర్లు గీసుకోకుండా కలిసేలా చేసే ఏర్పాటు) లేదు కనుక కారు పూర్తిగా ఆగాకే ఆ గేరు వేయాలి. బ్రేకులు మంచివే, కానీ నేటి కార్లలోని ఏబీఎస్ ఇందులో ఉండదు. ముందున్న బండికి మీరు రోజూ వదిలే దూరానికి రెట్టింపు వదలండి. మలుపు రాకముందే వేగం తగ్గించి, గేరు మార్చి, మలుపులో యాక్సిలరేటర్‌ను నిలకడగా పట్టుకుంటే, 95 గుర్రాల శక్తితోనే ఇంగ్లండ్‌లోని కాట్స్‌వోల్డ్స్ పల్లె రోడ్ల మీద కలిగే ఆనందం అంతకు మూడింతల శక్తిగల కొత్త కారులో నాకు కలగలేదు.

చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు ఈ కారుకు పరమ శత్రువు. ఉప్పు చల్లిన రోజుల్లో బయటికి తీయకండి. గట్టి వాన ఆ ఉప్పును కడిగేశాక, రోడ్డు ఆరాక, కనీసం అరగంట పాటు నడిపి తీసుకురండి. గ్యారేజీలోనే అయిదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడం మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. ఇంజను వేడెక్కదు, సైలెన్సర్‌లోనూ ఆయిల్‌లోనూ తేమ మిగిలిపోతుంది. కదలని కారులో బ్రేకు పిస్టన్లు పట్టేస్తాయి, క్లచ్ ప్లేటు అతుక్కుపోతుంది, సీళ్లు ఎండిపోతాయి.

రిటైరయ్యాక కారును హైదరాబాదుకో విజయవాడకో తీసుకెళ్దామనుకునే వారు ముందుగా ఇండియా నియమాలు చదవాలి. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన కారును వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు, దానికి వీఏ అక్షరాలున్న నంబరు ఇస్తారు. కానీ ప్రదర్శనలకూ ర్యాలీలకూ, పెట్రోలుకూ మరమ్మతులకూ తప్ప రోజువారీ తిరుగుళ్లకు దాన్ని వాడడం కుదరదు. వారం వారం నడపడం కోసమే కొన్న వారికి ఇది చాలా పెద్ద తేడా.

దూర ప్రయాణానికి ముందు డిక్కీలో స్టెప్నీతో పాటు ఒక ఫ్యాన్ బెల్టు, పాయింట్లు, కండెన్సర్, రోటర్ ఆర్మ్, ఫ్యూజులు, లీటరు ఆయిల్, నీళ్లు, ఏఎఫ్ పానాల మూట ఉంచుకోండి. ఇప్పుడు కొత్తగా అమ్ముతున్న కండెన్సర్లలోనూ రోటర్ ఆర్మ్‌లలోనూ నాసిరకం చాలా ఉంది. కనుక కొత్తది బిగించి కొన్ని వందల మైళ్లు నడిపి, బాగా పనిచేస్తోందని తేలాక, దాన్నే విప్పి డిక్కీలో పెట్టుకుని, కారులో పాతది మళ్లీ బిగించండి.